ముంగిటి బండలు: కొండరాయి, పోతరాయి

చిత్తూరు జిల్లాలోని నగరి పట్టణమునకు దాపున ఒక కొండకొన సుమారు 2,800 అడుగుల ఎత్తున మనిషి ముక్కువలె ముందునకు పొడుచుకొని కనబడును. చెన్నపట్టణపు తీరమునకు ఓడలు నడపిన ఆంగ్ల నావికులు సముద్రముమీదనుండియే దానిని ఆనవాలు పట్టెడివారు. వారు దానికి పెట్టిన పేరునకు ‘నగరి ముక్కు’ అనియే అర్థము. ఇట్లు ఊరికి కొండలు చేరువనే యున్నవి. ఐనను ఊరి ఇండ్ల ముంగిళ్ళలో ఆ కొండరాయి పాదముల క్రింద సామాన్యముగా కనబడదు. ఒక ఇంట కడప సీమనుండి వచ్చిన నల్లని నాపరాయి, ఇంకొక ఇంట సిమెంటు గచ్చు, క్రొత్తగా కట్టిన ఇంట అచ్చున పోసిన పేవర్ బ్లాకులు కనబడును.

చేతికందు రాయిని విడిచి, రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి రాయిని తెచ్చుకొనుట ఏల? దగ్గరి రాయి గట్టిది కాదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో మనిషి తన కాలిక్రింది నేలను ఏయే కారణములచేత ఎన్నుకొనెనో తెలియును. ముంగిలి పరచుటకు సహజశిల మేలా, తయారుచేసిన బిళ్ళ మేలా అను నేటి సందేహమునకును ఆ చరిత్రయే దారి చూపును.

కత్తికి కుదిరి, నేలకు కుదరని రాయి

నగరి కొండల శిలను భూగర్భశాస్త్రజ్ఞులు క్వార్ట్‌జైట్ అందురు. అతి ప్రాచీనకాలమున నీటి అడుగున పేరుకొన్న ఇసుక, పైబరువుచేతను, రేణువుల నడుమ చేరిన సిలికా బంధముచేతను గట్టిపడి ఈ శిల యైనది. 1872లో విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాసమూహములను వర్ణించుచు ఒక వరుసకు ఈ ఊరి పేరే పెట్టెను. ‘నగరి క్వార్ట్‌జైట్’ అను ఆ పేరు నేటికిని శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది. తిరుపతినుండి తిరుమలకు ఎక్కు కనుమదారిలో ఈ శిల అంతకంటె పాతదైన గ్రానైట్‌మీద పరచుకొని యుండుట కంటికి కనబడును. ఆ రెండింటి పుట్టుకల నడుమ ఎడము సుమారు 80 కోట్ల సంవత్సరములని లెక్కకట్టిరి. 2001లో ఆ తావును జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటించిరి.

ఈ జాతి రాయిని మనిషి ఎరుగనివాడు కాడు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ చెన్నపట్టణము దగ్గర పల్లవరమున ఒక రాతి పనిముట్టును కనుగొనెను. అదే సంవత్సరము అతడును, పైన చెప్పిన కింగును కలిసి కొసస్థలి నది లోయలోని అత్తిరంపాక్కమున మరెన్నియో పనిముట్లను చూచిరి. నగరి ఏరు కలియునది ఆ నదిలోనే. అచటి చేతిగొడ్డళ్ళు ఎక్కువగా క్వార్ట్‌జైట్ గులకరాళ్ళను చెక్కి చేసినవి. వానిలో పాతవి సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో వెలువడిన పరిశోధన చూపినది.

ఆదిమానవుడు ఈ రాయిని ఎన్నుకొనుటకు కారణము దాని విరుగుడులో ఉన్నది. ఇసుకరేణువులును, వాని నడుమనున్న బంధమును ఒకే పదార్థము. అందుచేత దెబ్బ తగిలినపుడు పగులు రేణువుల చుట్టును తిరుగక, వానిని కోసికొనుచు పోవును. విరిగిన అంచు కత్తివలె పదునుగా నుండును. ఈ గుణమే ముంగిటికి పనికిరాదు. నేల పరచుటకు కావలసినది పదునైన అంచు కాదు, చదునైన ముఖము. క్వార్ట్‌జైట్ చాలచోట్ల తనంతట తాను పలకలుగా విడివడదు. దానిలోని స్ఫటికపు కాఠిన్యము మోస్ కొలతలో 7. ఉలి మొన త్వరగా అరిగిపోవును. గట్టిదనము గొప్ప గుణమే. కాని నేలరాతికి గట్టిదనముకంటె ముందు కావలసినది సులభముగా పలకబారు గుణము. నగరి ప్రశ్నకు మొదటి సమాధానమిది.

నిప్పుతో చీల్చిన బండ

చిత్తూరు సీమలో కొండ పాదమున, చేల నడుమ, చెరువు గట్టున గ్రానైట్ గుండ్లు విస్తారముగా నున్నవి. ఇది కరిగిన శిలాద్రవము భూమిలోపల మెల్లగా చల్లారుటచే ఏర్పడినది. దీనిలోను నాపరాతివలె పొరలు లేవు. ఐనను మన పనివారు దీనిని చీల్చు ఉపాయములను కనిపెట్టిరి.

మొదటిది చీలల పద్ధతి. బండమీద తిన్నని గీత గీసి, దానివెంట చిన్న గుంటలు తొలచుదురు. ఆ గుంటలలో చీలలు దిగగొట్టి, వరుసగా ఒకదాని తరువాత ఒకదానిమీద సమ్మెటదెబ్బ వేయుదురు. గుంటలనుండి బయలుదేరిన పగుళ్ళు ఒకదానితో నొకటి కలిసి, బండ గీతవెంట రెండుగా విడిపోవును. రెండవది నిప్పు పద్ధతి. బండ ముఖముమీద కట్టెల మంట వేసినచో పైపొర వేడెక్కి వ్యాకోచించును. రాయి వేడిని లోపలికి అంత వేగముగా పోనీయదు గనుక అడుగుపొర చల్లగానే యుండును. ఈ భేదమును తాళలేక పైపొర పలకవలె ఊడివచ్చును. పనివారు మంటను కొంచెము కొంచెముగా ముందునకు జరుపుచు, సుత్తితో తట్టి, ధ్వనినిబట్టి పొర ఎంతవరకు విడివడినదో తెలిసికొనెడివారు. గుల్ల శబ్దము వచ్చినంత మేర పలక సిద్ధమైనట్లే. దక్షిణదేశమున తరతరములుగా ఈ పని చేసినవారిలో వడ్డెరలు ముఖ్యులు. పాఠశాలలో వ్యాకోచమును గూర్చి చదువని వారే ఆ సూత్రమును బండమీద నడపి చూపిరి.

ఐనను ఇట్టి బండ సామాన్యుని ఇంటికి చేరుట అరుదు. గ్రానైట్ ఘనమీటరు బరువు సుమారు 2,700 కిలోగ్రాములు. నాలుగంగుళముల మందముగల బండ ఒక చదరపు మీటరు తూగినచో 270 కిలోగ్రాములగును. దానిని తీసి, మోసి, పరచుటకు దేవాలయమునకో, కోనేటికో, రాజు కోటకో గాని శక్తి చాలదు. అలిపిరినుండి తిరుమలకు పోవు 3,550 మెట్ల దారివంటివి సమాజమంతయు కలిసి మోసిన రాళ్ళు. సామాన్యుని ముంగిలి మాత్రము మట్టినేలయే. దానిని ఊడ్చి, కలాపి చల్లి, ముగ్గు పెట్టెడివారు. ఆ నేల వాననీటిని లోపలికి పోనిచ్చును. కాని వానకాలమున బురదయగును. ప్రతి ఉదయము దానిని బాగుచేయు శ్రమ ఇంటి ఆడవారిపై పడెను. రాతినేలను కోరుటకు డాబుకంటె ఈ శ్రమ తప్పవలెనను కోరికయే పెద్ద కారణము.

మనిషి చేసిన తొలి రాయి

తయారుచేసిన నేల నిన్నమొన్నటిదను తలంపు సరికాదు. సున్నపురాతిని బట్టీలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు పోయి సున్నము మిగులును. 100 గ్రాముల శుద్ధమైన సున్నపురాయి కాలినచో 44 గ్రాముల వాయువు పోయి, 56 గ్రాముల సున్నము నిలుచును. ఆ సున్నమును నీటితో విరిచి, ఇసుకతో గానుగలో నూరి పూసినపుడు, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకొని మరల సున్నపురాయి యగును. గచ్చు అనగా మనిషి తన చేతులతో మరల కట్టిన రాయియే. ఇటుకపొడి కలిపినచో అందలి సిలికా సున్నముతో కూడి, తడిలో సైతము గట్టిపడును.

తిరుపతికి చేరువనున్న చంద్రగిరిలోని రాజమహలు ఈ విద్యకు మంచి నిదర్శనము. విజయనగరపు రాజుల కాలపు ఈ భవనమును రాయి, ఇటుక, సున్నములతో, కొయ్య లేకుండ కట్టిరి. సహజశిలయు, చేసిన రాయియు అచట ఒకదానికొకటి పోటీగా నిలువలేదు. బరువు మోయుచోట ఒకటి, ఆకారమునకు ఒదుగుచోట ఇంకొకటి పనిచేసినవి.

నాపరాయి వచ్చిన దారి

కడప, కర్నూలు జిల్లాలలో వేరొక శిల యున్నది. కింగ్ దానికి కడప జిల్లాలోని నార్జి గ్రామము పేర నార్జి సున్నపురాయి అని పేరు పెట్టెను. ప్రాచీన సముద్రపుటడుగున సన్నని సున్నపు బురద పొరపొరగా పేరుకొనుటచే ఇది ఏర్పడినది. పొరకును పొరకును నడుమ బంధము బలహీనముగా నుండును. గనిలో గునపము పెట్టి ఎత్తినచో ఆ పొరవెంట పలక లేచివచ్చును. ఇట్లు పలకబారు రాతినే తెలుగువారు నాపరాయి యనిరి. జమ్మలమడుగు ప్రాంతపు కడప బండ, బేతంచెర్ల బండ ఈ కుదురువి. తెలంగాణములోని తాండూరు బండయు సున్నపురాయియే. నగరి కొండ ఈయలేని చదునైన ముఖమును ఈ రాయి అడిగినంతనే ఇచ్చును.

అంగుళములో ముప్పాతిక మందముగల నాపరాయి చదరపు మీటరు సుమారు 54 కిలోగ్రాములు మాత్రమే తూగును. పైన చెప్పిన గ్రానైట్ బండతో పోల్చినచో ఐదవవంతు బరువు. ఒక బండికి ఎక్కిన బరువుతో ఐదురెట్లు నేల పరచవచ్చును. ఇక దారి కావలసియుండెను. 1871లో చెన్నపట్టణము, బొంబాయి రైలు మార్గములు రాయచూరున కలిసినవి. ఆ మార్గము అరక్కోణము, రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా పోవును. నగరికి స్టేషనైన ఏకాంబరకుప్పమును ఈ దారిలోనిదే. పలకబారు సున్నపురాళ్ళ సీమయు, నగరియు ఒకే ఇనుపదారిమీద పడుటచే బరువు సరకు దూరము పోవుటకు వీలు కలిగెను. తరువాత లారీలు ఊరూరికి చేర్చినవి. నగరి ప్రశ్నకు రెండవ సమాధానమిది. రాయి దగ్గరదా, దూరపుదా అనునది మైళ్ళలో గాక, ఒక చదరపు గజము నేల పరచుటకగు మొత్తము శ్రమలో కొలువవలెను.

రాయి పేరు పెట్టుకొన్న పొడి

1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఇంగ్లండు తాపీపనివాడు సున్నపురాతిని, బంకమట్టిని కలిపి కాల్చి ఒక పొడిని తయారుచేసి పేటెంటు పొందెను. అది గట్టిపడిన పిమ్మట పోర్ట్‌లాండ్ ద్వీపమున దొరకు ప్రసిద్ధమైన కట్టడపు రాయిని పోలియుండునని చెప్పి, దానికి పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టెను. కృత్రిమశిల తన గౌరవముకొరకు సహజశిల పేరునే అరువు తెచ్చుకొన్నది. 1904లో చెన్నపట్టణమున సముద్రపు గవ్వల సున్నముతో సిమెంటు చేయు ప్రయత్నము జరిగెను. అది నిలువలేదు. 1914లో పోరుబందరున ఆరంభమైన తయారీ భారతదేశపు సిమెంటు పరిశ్రమకు పునాదియైనది. ఈ పొడితో నేలబిళ్ళలు చేయుట వ్యాపించిన పిమ్మట, వాని అరుగుదల, బలము, నీటిపీల్పు కొలుచుటకు 1959లో భారత ప్రమాణమును ఏర్పరచిరి.

ఇచట విద్యార్థులు తప్పక గమనింపవలసిన విషయమొకటి కలదు. కడప జిల్లాలో ఎర్రగుంట్ల పరిసరములందు పెద్ద సిమెంటు కర్మాగారములున్నవి. అవి ముడిసరకుగా వాడునది నార్జి సున్నపురాతినే. ఆ ప్రాంతములందే అదే జాతి రాయిని పలకలుగా తీసి, సానపట్టి ఊళ్ళకు పంపుచున్నారు. అనగా ‘సహజ’మనబడు కడప బండకును, ‘కృత్రిమ’మనబడు సిమెంటు బిళ్ళకును పుట్టినిల్లు ఒక్కటే. ఒకటి గునపముతో లేచినది. ఇంకొకటి సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలి, పొడియై, ఇసుక కంకరలతో కలిసి, అచ్చులో మరల బండయైనది. ఈ రెండవ దారిలో ఇంధనము ఖర్చగును. రాతిలోని బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోవును. దానికి మారుగా దొరకునది కోరిన ఆకారము, కోరిన మందము.

రోటర్‌డామ్ వీధులనుండి

1940 మే నెలలో జర్మను బాంబులచే హాలెండులోని రోటర్‌డామ్ నగరము చాలవరకు కూలిపోయెను. యుద్ధానంతరము వీధులను మరల పరచవలసి వచ్చినపుడు ఇటుకకు కొరత కలిగెను. ఆ దేశమున వీధులను ఇటుకతో పరచుట వాడుక. అందుచే ఇటుక పరిమాణమున కాంక్రీటు దిమ్మెలను పోసిరి. 1960 దశకమున జర్మనీలో ఒకదానిలో నొకటి ఇమిడిపోవు వంకర అంచుల దిమ్మెలు వ్యాపించినవి. మన దేశమునకు ఇవి ఆలస్యముగా వచ్చినవి. ఇట్టి నేలల నిర్మాణమునకు భారత రహదారి సభ 2004లో మార్గసూచి వెలువరించినది. 2006లో ఐ.ఎస్. 15658 అను ప్రమాణము ఏర్పడినది. దాని ప్రకారము మనుషులు నడుచు తావులకు 50 మిల్లీమీటర్ల మందమును, చిన్న బండ్లు తిరుగు తావులకు 60 మిల్లీమీటర్ల మందమును చాలును. దిమ్మెలు పీల్చు నీరు సగటున నూటికి ఆరు పాళ్ళకు మించరాదు.

ఈ దిమ్మెల బలము వాని లోపలకంటె వాని సందులలో ఎక్కువగా నున్నది. అడుగున గట్టిపరచిన కంకర, దానిపై ఇసుక, ఇసుకపై దిమ్మెలు, దిమ్మెల సందులలో సన్నని ఇసుక. ఒక దిమ్మెమీద పడిన బరువు సందులలోని ఇసుకద్వారా చుట్టుప్రక్కల దిమ్మెలకు పంచబడును. చుట్టును కదలని అంచురాళ్ళు లేనిచో దిమ్మెలు జరిగిపోయి ఈ పంపకము చెడిపోవును. నాపరాతి లెక్క వేరు. అది పెద్ద పలక. క్రింద ఒకచోట బోలుగా నున్నచో అచట వంగి విరుగును. పలక మందము రెట్టింపైనచో వంపును తట్టుకొను శక్తి నాలుగు రెట్లగును. మందము తగ్గించి డబ్బు మిగుల్చుకొన్నవాడు అడుగు పరుపులో ఏమరుపాటు చూపరాదు. పలకయైనను, దిమ్మెయైనను ముంగిలి పాడగుట సామాన్యముగా అడుగునుండియే మొదలగును.

నాలుగు పరీక్షలు

ఈ చరిత్రనుబట్టి చూచినచో ‘రాయి మేలా, బిళ్ళ మేలా’ అను ప్రశ్నను నాలుగు ప్రశ్నలుగా విడదీయవలసి యుండును. వానిలో మూడింటిని ఉన్నత పాఠశాలలో సులభముగా పరీక్షింపవచ్చును.

మొదటిది పాదమునకు సంబంధించినది. మన ముంగిలి చెప్పులు విడిచి నడుచు తావు. నల్లని పలక ఎండను ఎక్కువగా పీల్చుకొనును. పైగా రాయి కొయ్యవలె గాక, తనలోని వేడిని పాదమునకు వేగముగా అందించును. తిరుమల మాడవీధులలో వేసవికాలమున భక్తుల పాదములు కాలకుండ తెల్లని చలువ రంగు పూయుటయు, పట్టాలు పరచి నీరు చల్లుటయు ఇందుకే. నల్ల నాపరాయి, లేతరంగు రాయి, సిమెంటు దిమ్మె, మట్టి — ఈ నాలుగింటిని మధ్యాహ్నము రెండు గంటలవేళ ఎండలో నుంచి, ఉష్ణమాపకమును ముఖమునకు ఆనించి, పైన గుడ్డ కప్పి కొలిచినచో భేదము తెలియును.

రెండవది పులుపునకు, మరకకు సంబంధించినది. నాపరాతిమీద నిమ్మరసము వేసినచో సన్నని బుడగలు లేచి, కొంతసేపటికి మెరుపు పోయి మచ్చ ఏర్పడును. సిమెంటును కొంతవరకు అట్లే చెడును. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. అంట్లు తోము తావున, చింతపండు పిసుకు తావున నాపరాయి వెలవెలబోవుటకు కారణమిదే. నీటిపీల్పును తెలిసికొనుటకు ఎండిన ముక్కను తూచి, ఒక దినము నీట నానబెట్టి, తుడిచి మరల తూచవలెను. 2,000 గ్రాముల దిమ్మె 2,100 గ్రాములైనచో నూటికి ఐదు పాళ్ళు పీల్చినట్లు. మంచి గ్రానైట్ నూటికి ఒక పాలు కూడ పీల్చదు.

మూడవది వాననీటికి సంబంధించినది. రాయలసీమ వాన తక్కువైన సీమ. ముంగిలినంతయు సిమెంటు గచ్చుతో మూసినచో పడిన వాన వీధి కాలువపాలగును. ఇసుకపై పరచిన దిమ్మెల సందులగుండ కొంత నీరు లోపలికి దిగును. నాపరాళ్ళనైనను సందులు సిమెంటుతో పూడ్చక, ఇసుకతో నింపినచో ఈ మేలు కొంత కలుగును. కాబట్టి నీటి విషయమున నిర్ణయము చేయునది రాయి కాదు, సందు. పరచిన నేలకు అరువది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చి, ఆ వాలును వీధివైపునకు గాక చెట్టుపాదువైపునకు త్రిప్పవచ్చును.

నాలుగవ ప్రశ్న ఊపిరిది

నాలుగవది ముంగిటిలో కనబడనిది. గ్రానైట్, క్వార్ట్‌జైట్‌లలో స్ఫటికము హెచ్చు. వానిని పొడిగా కోసినపుడు, తొలచినపుడు, క్రషరులో ఆడించినపుడు లేచు సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలోనికి పోయి నిలిచిపోవును. ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు గట్టిపడి, ఊపిరి కురుచయగును. ఈ వ్యాధిని సిలికోసిస్ అందురు. చెడిన భాగమును తిరిగి బాగుచేయు మందు లేదు. క్షయరోగము సోకు ప్రమాదమును దీనితో పెరుగును. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చెను. రాతిని తడిపి కోయుట, ధూళిని యంత్రముతో లాగివేయుట, తగిన ముసుగు ధరించుట దీనికి నివారణోపాయములు.

తయారుచేసిన దిమ్మె ఈ లెక్కనుండి తప్పించుకొనలేదు. దానిలోని కంకరయు, రాతి ఇసుకయు క్రషరునుండి వచ్చిన గ్రానైటే. దిమ్మెను పొడిగా కోసినను అదే ధూళి లేచును. ఏటి ఇసుక వాడినచో వేరొక నష్టము. ఏటిలోని ఇసుక నీటిని దాచుకొను గాదె వంటిది. దానిని అదుపులేక తవ్వినచో ఒడ్డునున్న బావులు ఎండును. ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ఇసుక తవ్వకమునకు కట్టుబాట్లు విధించినది. ఉష్ణవిద్యుత్ కేంద్రములలో మిగులు బూడిదను సిమెంటులో కొంత భాగమునకు మారుగా దిమ్మెలలో వాడుట ఒక మంచి మార్గము. కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ ఉష్ణవిద్యుత్ కేంద్రము ఇట్టి బూడిదకు దగ్గరి తావు. ఆ మేరకు సున్నపురాయి కాలుట తగ్గును.

కొనువాడు ధరను మాత్రమే అడిగినచో, తడిపి కోసిన రాయియు, పొడిగా కోసిన రాయియు అతనికి ఒక్కటిగానే కనబడును. తడిపి కోసితిరా యని అడుగు అలవాటు వచ్చినచో ఆ ప్రశ్న గనివరకు పోవును. ఇంటి ముంగిట ఇరువది ఏండ్లు నిలుచు అందముకొరకు ఒకని ఊపిరి ఇరువది ఏండ్లు తరుగరాదు.

తావునుబట్టి రాయి

పైన చూపిన కారణములను కలిపి చూచినచో నగరివంటి ఊరి ఇంటికి ఒక క్రమము తోచును. నీడపట్టున, వాననీరు తగులని పంచలో నాపరాయి చక్కగా ఒదుగును. చల్లగా నుండును, తుడుచుటకు సులువు. మెట్లకు, గడపకు, నీళ్ళు పారబోయు తావునకు అరుగని, పులుపునకు చెడని గ్రానైట్ తగును. అది ఆ జిల్లాలోనే దొరకును. ఎండయు, వానయు పడుచు, మోటారుసైకిలు తిరుగు తావున లేతరంగు దిమ్మెలను ఇసుకపై పరచుట మేలు. నీటి గొట్టము చెడినపుడు నాలుగు దిమ్మెలను ఎత్తి, పని ముగిసిన పిమ్మట మరల అవియే పెట్టవచ్చును. తులసికోట చుట్టును, చెట్టు మొదటను మట్టిని మట్టిగానే విడువవలెను. ముగ్గునకును, వాననీటికిని ఆ కొంచెము చోటు చాలును.

ఒక్క రాయితోనే ముంగిలినంతయు పరచవలెనను పట్టుదల మన పూర్వులకు లేదు. చంద్రగిరిలో రాయి, ఇటుక, సున్నము తమ తమ తావులలో నిలిచినవి. నగరి క్వార్ట్‌జైట్ ఆదిమానవుని చేతిలో పనిముట్టైనది, ఓడవానికి గురుతైనది. అది ముంగిటిలోనికి రాకపోవుట దాని లోపము కాదు. ప్రతి రాతికి ఒక పుట్టుక, ఆ పుట్టుకనుబట్టి ఒక విరుగుడు, ఆ విరుగుడునుబట్టి ఒక పని ఉన్నవి. దానిని తెలిసి ఎన్నుకొన్నవాడు సహజము, కృత్రిమము అను పేర్లకు మోసపోడు.